నడిమి చెయ్యి

తెల్లవారి ఐదున్నరకే చాటలో బియ్యం పోసుకుని నడవలో కూర్చున్నాను. వండడానికి కాదు. గురువారం నాడు మా సుగుణ వేలు పెట్టి రాయబోయే బియ్యం. నూక ఉండకూడదు, మట్టిబెడ్డ ఉండకూడదు, వడ్లగింజ అసలే ఉండకూడదు. తులసికోటకు నీళ్లు పోస్తూ మా అత్త రాఘవమ్మ వెనక నుంచి చెప్పింది.

“నూకబియ్యంలో రాయిస్తే సదువు గూడా నూకలుగానే వస్తాదంట. గింజ గింజ సూసి ఏరు. బస్సు పోతాదని గాబరాగా ఏరొద్దు.”

బస్సు ఏడుంపావుకు. అంతలోపల ఈ బియ్యం ఏరాలి, వంట ముగించాలి, ఆయనకు క్యారియరు సర్దాలి, అత్తకు వేణ్ణీళ్లు కాచాలి, సుగుణకు తల దువ్వాలి, నేను చీర మార్చుకోవాలి. నా చీర ఎప్పుడూ చివరే. కుచ్చిళ్లకు పిన్ను బస్సులో పెట్టుకోవడం అలవాటైపోయింది. ఆ రోజు సోమవారం, వేసవి సెలవులు ముగిసి బళ్లు తెరిచే రోజు. డెబ్భై ఎనిమిదో సంవత్సరం జూన్ నెల. కొర్లగుంటలో మా ఇంటి నుంచి తిరుపతి బస్టాండుకు నడిచి, వడమాలపేటలో బస్సు దిగి, అక్కణ్ణుంచి మైలున్నర పోతే మా పల్లె బడి. రెండు గదులు, హెడ్మాస్టరు తిరుమలయ్యగారు, నేను.

ఎనిమిదేళ్లుగా జూన్ వస్తే చాలు, నా కుడిచెయ్యి నాది కాదు. కొత్తగా చేరిన ప్రతి బిడ్డనూ ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముందర ఇసుక పరిచి, చూపుడువేలు పట్టుకుని ‘అ’ దిద్దిస్తాను. కొన్ని చేతులు చెమటకు జారిపోతాయి. కొన్ని బిగుసుకుపోయి కదలనే కదలవు. కొన్ని చేతులు మాత్రం రెండోసారికే దారి తెలిసిపోయి నన్నే లాక్కుపోతాయి. ఇన్నేళ్లయినా ఆ క్షణం నాకు పాతబడలేదు. ఇసుకలో గీసిన గీతకు ఒక శబ్దం ఉందని తెలిసినప్పుడు ఆ బిడ్డ నోరు తెరిచి నా మొహంలోకి చూస్తుంది. ఆ ఒక్క చూపు కోసం ఈ బస్సులనూ, ఈ నడకనూ, ఇంట్లో మాటలనూ, బడిలో మాటలనూ అన్నిటినీ ఓర్చుకోవచ్చు అనిపిస్తుంది. నూట యాభై చేతులైనా పట్టుకుని ఉంటాను. నా కూతురి చెయ్యి పట్టుకునే రోజు ఎప్పుడొస్తుందా అని అది పుట్టినప్పటి నుంచీ ఎదురుచూశాను.

ఆ రోజు వచ్చింది కానీ, ఆ చెయ్యి నాకు ఇవ్వలేదు. పట్టుకోబోయేది మా ఆయన చిన్నాయన గోవిందస్వామిగారు. చిత్తూరు కోర్టులో హెడ్ గుమాస్తాగా పనిచేసి రిటైరయినాయన. ఆయన చెయ్యి మంచిదని ఈ ఇంట్లో నమ్మకం. మా ఆయన నారాయణకు బియ్యంలో రాయించింది ఆయనే, అందుకే తాలూకాఫీసులో ఉద్యోగం వచ్చిందట. నాకూ ఉద్యోగం వచ్చింది కదా, నా చెయ్యి ఎవరు పట్టుకున్నారని ఎవరూ అడగలేదు. వారం కిందట ఆ చిన్నాయనే కార్డు రాసి ముహూర్తం ఖాయం చేశాడు. నేను దిద్దిస్తానని అంటే మా ఆయన నవ్వి, షర్టు బొత్తాలు పెట్టుకుంటూ ఎంత తేలిగ్గా అన్నాడో ఇప్పటికీ చెవిలో ఉంది.

“నువ్వు దినామూ పట్టుకునే చేతులే గదా. ఈ ఒక్కరోజు చిన్నాయనను పట్టుకోనీ.”

అత్త ఇంకో మాట చేర్చింది. “నా బిడ్డ భారతికి బియ్యమూ లేదు, తాంబాళమూ లేదు. ఆడపిల్లకు ఈమాత్రం చేస్తా ఉండామంటే సంతోషపడు. నువ్వు వంటింట్లో వడపప్పు, పాయసం సూసుకో. పదిమంది వస్తారు.”

వంటింటి గడప నుంచి చూస్తే తాంబాళం కనపడదు. వచ్చినవాళ్ల వీపులు కనపడతాయి. నేను ముందే నిలబడి చూసుకున్నాను.

మా అత్త చెడ్డది కాదు. ఆ మాట కూడా చెప్పాలి. నేను బడికి పోతే సుగుణకు అన్నం కలిపి పెట్టేది ఆవిడే, జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని కూర్చునేది ఆవిడే. కానీ నా చదువు అంటే మాత్రం ఆవిడకు ఎక్కడో గుచ్చుకుంటుంది. పలమనేరులో ఉన్న మా ఆడబిడ్డ భారతి నెలకొక ఉత్తరం రాస్తుంది. అది పొద్దున వస్తే, నేను సెలవై ఇంట్లోనే ఉన్నా సరే, నాకివ్వదు. దేవుడి గూట్లో పెట్టి సాయంత్రం దాకా కొడుకు కోసం కాచుకుంటుంది. ఆయన వచ్చి, కాళ్లు కడుక్కుని, నిలబడే చింపి, రెండు పక్కలా నిండా రాసిన ఉత్తరాన్ని ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. “అందురూ బాగుండారంట.” అంతే. ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని మళ్లీ గూట్లో పెట్టుకుంటుంది. ‘ఇవ్వత్తా, నేను చదువుతా’ అని మొదటి ఏడు అన్నాను. “నీకెందుకులే శ్రమ, ఊరి పిలకాయలకు సదివి సదివి అలిసిపోయింటావు” అంది. ఇంకెప్పుడూ అడగలేదు. శనివారం వచ్చిన ఉత్తరం ఇప్పటికీ గూట్లోనే ఉంది. ఆయన శని, ఆదివారాలు ఏదో కోర్టు పని మీద చిన్నాయన దగ్గరికి చిత్తూరు పోయి, ఆదివారం రాత్రి వచ్చి మరిచిపోయాడు. ఆవిడ గుర్తు చేయలేదు.

నేను బియ్యం ఏరి మూటగట్టి ఇచ్చి బస్సుకు పరిగెత్తాను.

బడిలో తిరుమలయ్యగారు అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నారు. గది ఊడ్చి, కుండలో నీళ్లు పోయించి, నల్లబల్లకు బొగ్గుపొడీ ఆకుపసరూ రాయించడం నా పని. వరండాలో బల్ల వేసి కొత్తగా చేరేవాళ్ల పేర్లు రిజిస్టరులో రాయడం కూడా నా పనే. సంతకం మాత్రం ఆయనది. గురువారానికి సెలవు చీటీ ఇస్తే దాన్ని చదవకుండానే పక్కన పెట్టారు.

“నీ కూతురు బియ్యంలో రాసేదానికి ఈడ పిలకాయల సదువు ఆపాల్నా? ఇంట్లో మొగోళ్లు లేరా?”

ఉన్నారు సార్, వాళ్లే రాయిస్తారు, నేను పాయసం వండాలి అని లోపలే అనుకుంటూ రిజిస్టరు తెరిచాను.

పది దాటాక ఒకావిడ కూతుర్ని తోలుకుని వచ్చింది. పేరు గంగులమ్మ. ముప్ఫై, ముప్ఫై రెండేళ్లుంటాయి. తలకు నూనె రాసి గట్టిగా దువ్వుకుంది. ఆ బిడ్డకు ఉతికిన గౌను, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. బిడ్డ పేరు చెంగమ్మ. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి అందుకోమన్నాను. అందింది. అందినందుకు అదే పకపకా నవ్వింది. ఆరేళ్లని రాసుకున్నాను.

“ఈడ వేలిముద్ర వెయ్యి గంగులమ్మా” అని ఇంకు ప్యాడు ముందుకు జరిపాను.

ఆవిడ బొటనవేలికి చుట్టుకున్న గుడ్డపీలిక విప్పింది. చూసి నేను చెయ్యి వెనక్కు తీసుకున్నాను. జూన్ నెల ఆ పల్లెల్లో విత్తనపు చెనక్కాయలు ఒలిచే కాలం. వాన పడేలోపల ఒలవాలి. విత్తనం పొర చెదరకూడదని మిషన్లో వేయరు, ఒక్కొక్క కాయనూ వేళ్లతోనే నొక్కి ఒలుస్తారు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకే దాకా. ఆవిడ రెండు బొటనవేళ్లూ పైచర్మం లేచిపోయి, నున్నగా, ఎర్రగా ఉన్నాయి. సిరాలో అద్ది కాగితం మీద పెడితే గుండ్రంగా ఒక మచ్చ పడింది. ఒక్క గీత లేదు. ఎడమవేలు వేయించాను. అదీ అంతే.

తిరుమలయ్యగారు అద్దాలు సవరించుకుని చూశారు.

“ఇది వేలిముద్రనా, మసిగుడ్డనా? పోయిన సమచ్చరం ఇట్లాంటిదే పెడితే ఇన్‌స్పెక్టరు నాకు చీవాట్లు పెట్టినాడు. వేరే వేళ్లు చెల్లవు. ఈ బిడ్డ నాయన యాడ?”

“సిత్తూరులో మామిడికాయల మండీలో ఉండాడు సార్. లారీలకెత్తే పని. ఆసాడం దాకా రాడు.”

“బుధవారం సాయంత్రం జాబితా సమితి ఆఫీసుకు పోవాల. ఆ లోపల మొగోణ్ణి తోలుకొని రా. లేదంటే వచ్చే జూన్లో చూద్దాం.”

వచ్చే జూన్ అంటే ఏమిటో ఆయనకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. వచ్చే జూన్‌కు చెంగమ్మ వేళ్లకు కూడా గుడ్డపీలికలు ఉంటాయి. ఒలిచే చోట ఆరేడేళ్ల పిల్లలే ముందు వరుసలో కూర్చుంటారు, చిన్న వేళ్లకు పని చురుగ్గా సాగుతుందని. ఒకసారి కూర్చున్న బిడ్డ లేచి బడికి వచ్చింది నేను చూడలేదు.

గంగులమ్మ ఏడవలేదు. అరవలేదు. బిడ్డ చెయ్యి పట్టుకుని వరండా దిగి, వేపచెట్టు కింద నేను పరిచి పెట్టుకున్న ఇసుక దగ్గర నిలబడిపోయింది. నేను గంట కొట్టే వంకతో లేచి పోయాను.

“బొటనేలు తెగిపోయినోళ్లు ఏం జేస్తారు టీచరమ్మా?” అని అడిగింది.

“సంతకం చేస్తారు.”

“అంటే?”

“పేరు రాస్తారు.”

ఇసుక వైపు చూసింది. “నా పేరు ఎంతుంటాది?”

ఎనిమిదేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. నేను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. “గం, గు, ల, మ్మ. నాలుగు అక్షరాలు.”

“నాలుగేనా!” అంది. నమ్మలేనట్టు నా మొహంలోకి చూసింది. నోరు తెరుచుకుని ఉంది. “నాలుగేనా తల్లీ? నేను శానా పొడుగుంటాదనుకుంటినే!”

ఆ చూపు. ఆరేళ్ల పిల్లల మొహాల్లో మాత్రమే పుడుతుందని నేను అనుకున్న చూపు అది. ముప్ఫై ఏళ్ల మొహంలో కనపడింది. ఇసుక ముందర కూర్చోబెట్టి, నొప్పి పుట్టకుండా చూపుడువేలు పట్టుకుని నాలుగు అక్షరాలూ దిద్దించాను. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి లోపల నుంచి తిరుమలయ్యగారు “టీచరమ్మా, పిలకాయలు గోల జేస్తా ఉండారు” అని కేకేశారు. గంగులమ్మ లేచి, తను రాసిన దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోయింది.

మంగళవారం మధ్యాహ్నం బెల్లప్పుడు, బడికి రాని పిల్లల కోసం వెంకటముని గారి వసారాకు పోయాను. ఊళ్లో పెద్ద రైతు ఆయన. వసారా నిండా చెనక్కాయల గుట్టలు, చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్లు, మధ్యమధ్య పిల్లలు, పొట్టుదుమ్ము. కాయలు చిట్లే చప్పుడు ఆగకుండా వస్తోంది. నన్ను చూసి గంగులమ్మ పక్కన కూర్చున్న కుప్పమ్మ అనే ముసలామె పగలబడి నవ్వింది.

“రా టీచరమ్మా, నీ కొత్త పిలకాయను సూడు!”

గంగులమ్మ మోకాలి ముందర, నేల మీద, ఒలిచిన గింజలు వరసగా పేర్చి ఉన్నాయి. గం. గు. ల. మ్మ. సున్నా కోసం ఒక లావుపాటి గింజ. కొమ్ము కోసం నాలుగు గింజలు వంపుగా తిప్పింది. ‘మ్మ’ ఒత్తు కిందికి జారి పక్క గుట్టలో కలవబోతూ ఉంది, పడకుండా ఒక పొట్టు అడ్డం పెట్టింది. ఎర్రటి గింజల్లో అంత పెద్దగా ఒక ఆడమనిషి పేరు నేను ఎక్కడా చూడలేదు. గోడల మీద చూశాను మగవాళ్ల పేర్లు, లారీల మీద, బావుల మీద, బడి గది రాతిపలక మీద. నేల మీద, పొట్టుదుమ్ములో, ఈ పేరు వెలుగుతున్నట్టు అనిపించింది. నేను గుట్టల మధ్య అట్లాగే చతికిలబడ్డాను.

“పొద్దున్నించి ఇరవైసార్లు పేర్చినా” అంది గంగులమ్మ. “ఆ పెద్దాయన వస్తే గుట్టలోకి తోసేస్తా. మళ్లా ఏరుకుంటా. మూడోసారి నించి సూడకుండానే వస్తా ఉండాది.”

“టీచరమ్మా, నా పేరు ఎన్ని?” అని మూలనుంచి మునిరత్నమ్మ అనే ఆవిడ అడిగింది. అయిదు అని చెప్పాను. “అయిదా! అందురికంటే నాదే పెద్దది” అని ఆవిడ సంబరం. కుప్పమ్మకు మూడే అని చెబితే ముసలామె మూతి ముడుచుకుంది. “పేరు పెట్టేటప్పుడు గూడా మా నాయన పీనాసితనమే సూపించినాడు” అంది. వసారా అంతా ఒకటే నవ్వు. చేతులు మాత్రం ఎవరివీ ఆగలేదు. నా చిన్నప్పటి నుంచీ చదువు అంటే నాకు బెంచీలు, పుస్తకాలు, పరీక్షలు. చదువు ఇంత ఆకలిగా ఉంటుందని నాకు తెలియదు. నేను వచ్చిన పని మరిచిపోయి వెనక్కు వచ్చాను.

బుధవారం బడి గంట కొట్టకముందే గంగులమ్మ వరండాలో ఉంది. గుడ్డపీలికలు విప్పేసి, పసుపు రాసుకుని వచ్చింది. కలం ఎట్లా పట్టుకోవాలో తెలియక పిడికిట్లో బిగించింది. చెంగమ్మ పక్కన నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తోంది. ‘గం’ రాసేటప్పుడు నిబ్బు కాగితాన్ని చీల్చింది. ‘గు’ గడి దాటి పైవరుసలోకి పోయింది. ‘ల’ దగ్గర ఆగి కళ్లు మూసుకుంది. గింజలు గుర్తు తెచ్చుకుంటోందని నాకు అర్థమైంది. తరువాత కళ్లు తెరిచి ‘ల’ రాసింది, ‘మ్మ’ రాసింది, కలం కింద పెట్టి చెయ్యి దులుపుకుంది.

తిరుమలయ్యగారు రిజిస్టరు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశారు.

“అక్షరాలు తలా ఒక దిక్కుకు పోతా ఉండాయే.”

“పోయినా పేరు అదే గద సార్” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు.

ఆయన నా వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. కలం తీసుకుని కింద సంతకం చేశారు. చేసి, ఎందుకో ఆ పేజీ వెంటనే మూయలేదు. సిరా ఆరే దాకా అట్లాగే తెరిచి పెట్టుకుని కూర్చున్నారు.

చెంగమ్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇసుక సాపు చేశాను. వేలు పట్టుకోబోతుంటే గంగులమ్మ ఎదురుగా కూలబడింది.

“నేను గూడా పట్టుకుంటా టీచరమ్మా.”

“నీకు ‘అ’ రాదు గదా గంగులమ్మా. నీకు వచ్చింది ఆ నాలుగే.”

“నాకు రాదు. నీకొచ్చు గదా” అంది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. “నువ్వు నా చెయ్యి పట్టుకో. నేను నా బిడ్డ చెయ్యి పట్టుకుంటా.”

అట్లాగే చేశాం. అడుగున చెంగమ్మ చెయ్యి. దాని మీద గంగులమ్మ చెయ్యి. అన్నిటి పైన నాది. నా అరచేతి కింద ఆ నడిమి చెయ్యి. కాయలు నొక్కి నొక్కి గరుకెక్కిన ఆ చెయ్యి, బిడ్డ వేలికి నొప్పి తగలకూడదని ఎంత మెత్తగా పట్టుకుందో! ‘అ’ గుండ్రంగా తిరిగి, వంపు దాటి పైకి వచ్చింది. బిడ్డా, తల్లీ ఒకేసారి తలెత్తి నన్ను చూశారు. రెండు మొహాల్లో ఒకే చూపు. నూట యాభై చేతులు పట్టుకున్న దాన్ని, నేను ఏ రోజూ ఆ నడుమ ఉండవలసిన చెయ్యి గురించి ఆలోచించలేదు. తల్లులు వరండా కింద నిలబడి చూసేవాళ్లు, నేను వాళ్ల బిడ్డల్ని వాళ్ల నుంచి తీసుకుని ఒళ్లో కూర్చోబెట్టుకునేదాన్ని. వాళ్లకు కనపడేది నా వీపే. వంటింటి గడప ఒక్క మా ఇంట్లోనే ఉందనుకున్నాను.

సాయంత్రం సెలవు చీటీ మళ్లీ రాసి తిరుమలయ్యగారి బల్ల మీద పెట్టాను. అడగలేదు, చెప్పాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తిరుపతి దాకా ఏడ్చాను. దుఃఖం కాదు. అది ఏమిటో చెప్పడానికి మాట తెలియదు. ఏదో చాలా పెద్దదాని ముందర నిలబడి వచ్చినట్టు ఉంది. పక్కసీటు ఆవిడ మాత్రం ఇంట్లో గొడవనుకుని నా వీపు నిమిరింది.

గురువారం తొమ్మిది గంటలకు ముహూర్తం. గోవిందస్వామిగారు జరీ అంచు పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నారు. ఎదురుగా ఇత్తడి తాంబాళంలో నేను ఏరిన బియ్యం తెల్లగా పరిచి ఉంది. సుగుణ కొత్త పరికిణీలో ఉక్కపోసి కదులుతోంది. చుట్టూ చుట్టాలు, ఇరుగుపొరుగు. మా అత్త స్తంభం పక్కన నిలబడి అందరికీ చోటు చూపిస్తోంది. నేను వంటింట్లో పాయసం గిన్నె దించి, చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఆ వీపుల మధ్య నుంచి దారి చేసుకుని వచ్చి తాంబాళం దగ్గర కూర్చున్నాను.

“మామా, మీరు దీవించండి. మీ దీవెన కావాల” అన్నాను గోవిందస్వామిగారితో. “దిద్దించేది మాత్రం ఇంట్లో ఆడోళ్లం.”

“ఇదేం ఆనవాయితీ?” అన్నాడాయన.

“మా బడిలో ఆనవాయితీ మామా. నిన్ననే పుట్టింది.”

మా ఆయన వంగి నా చెవిలో పళ్లు బిగించి అన్నాడు. “ఏమే, పెద్దోళ్ల ముందర ఏంది ఇది? దినామూ పట్టుకునే చేతులే గదా అంటిని గదా.”

“దినామూ పట్టుకుంటాను గనకే తెలిసిందండీ, ఈ చెయ్యి వదలకూడదని.”

గట్టిగా అనలేదు. కానీ అందరూ విన్నారు. నేను తల తిప్పి స్తంభం వైపు చూశాను. “అత్తా, రా. దాని చెయ్యి నువ్వు పట్టుకో.”

మా అత్త మొహం ఎర్రబడింది. ఎనిమిదేళ్లలో ఆవిడ కోపం ఎన్నో రకాలుగా చూశాను కానీ, అది కోపం కాదు. పదిమందిలో ఎవరో తన కొంగు లాగినట్టు గోడకు ఒదిగిపోయింది.

“నాకేం వస్తాది? ఎగతాళి చేస్తా ఉండావా, సదువుకున్నదానివని?”

ఆ మాట ఎన్నేళ్లుగా ఆవిడ గొంతులో ఉందో! ఉత్తరాలు గూట్లో ఎందుకు కాచుకుని ఉండేవో, నా చేతికి ఎందుకు రాలేదో, ఒక్కసారిగా నాకు తెలిసింది. నా చదువును ఆవిడ చిన్న చూపు చూసిందనుకున్నాను ఇన్నాళ్లూ. నా ముందర తాను చిన్నదైపోతానని భయపడింది.

“నీకు రాదు. నాకొచ్చు గదా అత్తా” అన్నాను. “నువ్వు దాని చెయ్యి పట్టుకో. నేను నీ చెయ్యి పట్టుకుంటా.”

సుగుణ లేచి పోయి ఆవిడ కొంగు పట్టుకుని లాగింది. “రావ్వా, బియ్యంలో రాద్దాం రా.” గోవిందస్వామిగారు పీట మీద కొంచెం పక్కకు జరిగారు. ఎందుకు జరిగారో నాకు తెలియదు, చోటు మాత్రం ఏర్పడింది. మా అత్త వచ్చి, కూర్చుని, గాజులు వెనక్కు తోసుకుంది.

ఆ చెయ్యిని నేను ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ చెయ్యి వేసిన కూరలు తిన్నాను, ఆ చెయ్యి చూపించిన చోట కూర్చున్నాను, అంతే. చల్లగా ఉంది. వేళ్ల కణుపులు లావుగా ఉన్నాయి. సుగుణ వేలిని మాత్రం మెత్తగా పట్టుకుంది, గంగులమ్మ చెయ్యి లాగే. ముగ్గురి చేతులూ కలిసి బియ్యంలోకి దిగాయి. ‘ఓం’ రాశాం. ఓ తిరిగే చోట గింజలు రెండు పక్కలకూ ఒత్తుకుని దారి ఇచ్చాయి, అడుగున ఇత్తడి మెరిసింది. చివర సున్నా చుట్టి వేలు పైకి తీసేసరికి సుగుణ కేరింతలు కొట్టింది. మా అత్త తాంబాళంలోకే చూస్తూ ఉంది. ఆవిడ పెదవులు మాత్రం ఒకసారి గుండ్రంగా కదిలాయి.

తరువాత అందరికీ ఆకులు వేశాం. రాసిన బియ్యాన్ని కడిగి ఆ పూటే పొయ్యిమీద పెట్టి అందరికీ ప్రసాదంగా వడ్డించడం మా ఇంటి అలవాటు. ఎసరు మరుగుతోంది. తాంబాళం కోసం నడవలోకి వస్తే మా అత్త దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒక్క గింజ కదలకుండా, అడుగులో అడుగు వేస్తూ దేవుడి గూటి దగ్గరికి పోతోంది.

“అవి ముట్టుకోవద్దు. వేరే బియ్యం పొయ్యి” అంది నా వైపు చూడకుండానే.

ఒక్క గింజ నేల మీద పడితే ఏరించే మనిషి. తాంబాళం గూట్లో పెట్టి, పక్కనున్న భారతి ఉత్తరం తీసుకుంది. మా ఆయన నాలుగడుగుల దూరంలో ఆకు ముందర కూర్చునే ఉన్నాడు. ఆవిడ అటు చూడలేదు. వచ్చి ఉత్తరం నా చేతిలో పెట్టింది. నేను జాగ్రత్తగా అంచులు చింపి, విప్పి, గొంతు సవరించుకుని చదవబోయాను.

“ఉండు” అంది మా అత్త.

బియ్యపు తవుడు అంటిన వేలు కాగితం మీదికి వచ్చింది. గాలిలో కొంచెం తచ్చాడి, అన్నిటికంటే పైన, భారతి ప్రతి ఉత్తరంలోనూ మొట్టమొదట రాసే ఆ ఒక్క అక్షరం మీద ఆగింది. నోరు తెరుచుకుని నా మొహంలోకి చూసింది. నాకు తెలిసిన చూపే.

“ఇదే గదా?”

“అదే అత్తా.”

“నా బిడ్డ నెలనెలా ఇదే రాస్తా ఉండిందా నాకు!” అంది, పక్కనే కూలబడి. “ఇంగ సదువు. ఒక్క ముక్క గూడా వదలొద్దు.”